వరస మాష్టారు

మా ఇంగ్లీషు మాష్టారు పోయారని పదో తరగతి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మెసేజి పడింది. పది గంటలయ్యేసరికి దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. "మహానుభావుడు" అన్నాడొకడు. "అలాంటి గురువు మళ్లీ పుట్టడు" అన్నాడు ఇంకొకడు. పుట్టకూడదనే నా కోరిక కూడా. అయినా నేనూ ఓ చేతుల బొమ్మ పెట్టాను. నేనిప్పుడు నందిగాం దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. మా ఇంట్లో ఉడికే అన్నం ఆయన నేర్పిన చదువుతోనే ఉడుకుతోంది. ఆ మాట ముందే ఒప్పుకున్నాను కాబట్టి ఇక ఆయన్ని ఎంత తిట్టినా నాకు పాపం అంటదు.

ఆయన పేరు రాయను. మేమూ ఎప్పుడూ పేరుతో అనుకోలేదు, వరస మాష్టారు అనేవాళ్లం. ఆయనా మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పొట్టి మనిషి, బక్కపలచన. ఇచ్ఛాపురం అవతలి ఊరు. ఇంట్లో ఒడియా, బజార్లో తెలుగు, బళ్లో ఇంగ్లీషు. మూడింటినీ ఎప్పుడూ కలిపేవారు కాదు. ఏ కాలమైనా మెడచుట్టూ తడి తువ్వాలు ఉండాల్సిందే. చొక్కాకి రెండు జేబులు. ఒకదాంట్లో సుద్దముక్కలు, ఇంకోదాంట్లో జీడిపప్పు బద్దలు. పాఠం ధ్యాసలో ఒక్కోసారి పప్పనుకుని సుద్దముక్క నోట్లో వేసుకునేవారు. వేసుకున్నాక ఆగి, మాలో ఎవరైనా నవ్వుతున్నారేమోనని ఒక్కొక్క మొహమే చూసేవారు. ఎవరికుంది అంత ధైర్యం? అప్పుడాయన ఆ సుద్దని తాపీగా నమిలి మింగేసేవారు. ఉమ్మేస్తే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. ఆయన ఎలాంటి మనిషో చెప్పడానికి నాకిదొక్కటి చాలు.

చెయ్యెత్తి ఒక్క పిల్లని కొట్టగా నేను చూడలేదు. కొట్టినా బాగుండేది. వీపులు చిట్లగొట్టిన లెక్కల మాష్టారిని మేం ఏనాడో మర్చిపోయాం. ఈయన గొంతు కూడా పెంచేవారు కాదు. మాట చివర ఆపేసేవారు, అంతే. ఆలస్యంగా వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, "నువ్వు ఇంత పొద్దెక్కి బడికి వచ్చేకంటే ఇంటిదగ్గర ఉండి గొడ్లని..." అని ఆగేవారు. వాడు నేల చూపులు చూసేవాడు. ఆయన జేబులో పప్పు వెతుక్కునేవారు. ఆఖరికి వాడే, "కాసుకోవచ్చండి" అనేవాడు. "ఆ, అదీ వాక్యం. కూర్చో" అనేవారు. మన తిట్టుని మన నోటితోనే పూర్తి చేయించడం ఆయన విద్య. తెలుగులో పని చెప్పే మాట, అదే క్రియ, చివర్న వస్తుంది కాబట్టి ఇలా ఆపడం కుదురుతుందనీ, ఇంగ్లీషువాడికి ఆ సుఖం లేదు, పని ముందే బయటపడిపోతుందనీ ఎంతో సంబరంగా చెప్పేవారు.

ఇక వరస. పలాసకి సముద్రం వైపున్న మా ఊరి హైస్కూల్లో వరండా మెట్టు దగ్గర మొదలుపెట్టి జెండా దిమ్మ వైపుకి నాలుగు సున్నం గుండ్రాలు గీయించారాయన. ఐదోది విడిగా, జెండా దిమ్మని ఆనుకుని. మొదటి గుండ్రం వరండా నీడలో ఉండేది. అక్కణ్ణించి ఒక్కో అడుగు ఎండలోకి పోతుంది. ఐదోదాని దగ్గర పది గంటలకే సిమెంటు గచ్చు పెనంలా కాలేది. గుండ్రానికో పిల్ల, పిల్లకో మాట. "ఐ సా ది హౌస్." నేను ఇల్లు చూశాను. ఇంతే, ఏడాదంతా ఈ ఒక్క వాక్యమే. మిగతా పిల్లలు వరండాలో కూర్చుని తప్పులు పట్టాలి. మా నలుగురినీ మాత్రం ఇన్‌స్పెక్షన్‌కి తయారుచేస్తున్నానని జూన్ మొదటివారంలోనే మాటలు పంచేశారు. ఆ తర్వాత హాజరు కూడా ఆ మాటలతోనే పిలిచేవారు.

"నేను" అనే మాట జీడిపప్పు వ్యాపారిగారి అబ్బాయిది. మాష్టారి జేబులోని పప్పు వాళ్ల బట్టీలోదే. ఏ భాషలోనైనా "నేను" మొదటే ఉంటుంది గనక వాడు ఏడాదిపాటు నీడలోంచి కదల్లేదు. "ఇల్లు" ఒక కొబ్బరితోటల రైతు కొడుకు. "చూశాను" నేను. కాళ్లు పొడుగని నన్ను క్రియ చేశారు. "ఇంగ్లీషు!" అంటే పరిగెత్తి రెండో గుండ్రంలో పడాలి, "తెలుగు!" అంటే పరిగెత్తి చివరికి పోవాలి. "ఒడియా!" అంటే తెలుగులో నిలబడ్డ చోటినుంచి కదలకూడదు, తెలుగూ ఒడియా వరసలో అక్కాచెల్లెళ్లు. కదిలామో, ఇక ఆయన ఆపిన వాక్యాలన్నీ మేం పూర్తిచేసుకోవాలి.

మిగిలింది "ది". అది నూకాలుకి ఇచ్చారు.

నూకాలు నా పక్కబెంచీ. సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి బోటు పనికి గుజరాత్ పోతే ఆరేసి నెలలు రాడు. తల్లి పలాస ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టేది. సెలవుల్లో ఇదీ పోయేది. గింజ పైతోలులో ఉండే జీడి నూనె అంటి దాని వేళ్లు నల్లగా మాడిపోయి, చివర్లు పొట్టు లేచి ఉండేవి. "ఇంగ్లీషు!" అన్నప్పుడు ఇది ఇంటి ముందు నిలబడాలి. "తెలుగు!" అనగానే మాష్టారు మెత్తగా, "నీకు తెలుగులో చోటు లేదు. బయటికి" అనేవారు. అది వెళ్లి జెండా దిమ్మ దగ్గర చెప్పుల్లేని కాళ్లు మార్చుకుంటూ నిలబడేది. మళ్లీ ఇంగ్లీషు అనేదాకా. కొన్ని రోజులు ఆయన ఇంగ్లీషు మాటే ఎత్తేవారు కాదు, తెలుగు, ఒడియా, తెలుగు అంటూ గంటంతా లాగేసేవారు. నవంబరు వచ్చేసరికి ఊళ్లో చిన్నపిల్లలు కూడా దాన్ని "దీ" అని పిలవడం మొదలుపెట్టారు.

ఒకరోజు అదే ధైర్యం చేసి అడిగింది.

"మాష్టారండీ, ఒక్క దినం నన్ను ఇల్లు సెయ్యరా?"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "మీ ఇంటికి తలుపుందా?"

"తడికుందండి."

"తడిక ఉన్నదాన్ని హౌస్ అనరమ్మా, హట్ అంటారు. మన వాక్యంలో హట్ లేదు."

వరండా అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఇప్పుడు దాచి ఏం లాభం. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇన్‌స్పెక్షన్ రోజున చోటు తప్పకు. ఆ తర్వాత చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం"ని నూకాలు మాట ఇచ్చినట్టే పట్టుకుంది. తల్లి అప్పటికే గొడవ పెడుతోంది, ఎండలో నిలబడ్డానికి బడెందుకు, నాతో ఫ్యాక్టరీకొచ్చి కూకో అని. ఇల్లు అయితే అమ్మ నోరు మూతపడుతుందని దీని ఆశ. చదువు ఉండడమో పోవడమో ఆ గుండ్రం మీదే ఆధారపడింది.

సాయంత్రాలు మా జీడితోటలో కొబ్బరిడొక్కలు నాలుగు వరసగా పెట్టి అభ్యాసం చేసేవాళ్లం. నాకు నా పరుగొక్కటే వచ్చు. దానికి నాలుగు మాటలూ వచ్చు. ఒక్కతే "నేను"లో నిలబడి, "ఇల్లు"లోకి గెంతి, "చూశాను"లోకి పరిగెత్తి, మూడు భాషలూ గుక్కతిప్పుకోకుండా చెప్పేసేది. వ్యాకరణం దాని కాళ్లకి ఎక్కినట్టు మాలో ఎవరికీ ఎక్కలేదు. ఒకనాడు డొక్క మీద కూలబడి నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఒలే, మా ఫ్యాక్టరీలో ఒడియావోలున్నారు కదేటి? ఆలు ఒట్టి ఇల్లయితే ఘరొ అంటారు. మనకి తెలిసిన ఆ ఇల్లే అనాలంటే ఘరొటా అంటారే. ఆ టా ఎవులనుకున్నావు? నానే!"

"నీ మొహం. మాష్టారికి తెలీదేటి?"

"తెలీకపోవడమేటి, ఆయనింట్లో మాటే కదా. మర్సిపోయుంటాడు. ఇనిపెచ్చను రోజున గుర్తు సేత్తాను. ఎంత సంతోసిత్తాడో సూడు."

సంతోషిస్తాడనుకుంది. పిచ్చిది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరుగారికి వరండా నీడలో కుర్చీ వేశారు, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. మాష్టారు ఆ రోజు కొత్త తువ్వాలు తడిపి వేసుకున్నారు. "ఇంగ్లీషు!" అన్నారు. సర్రున సర్దుకున్నాం. "తెలుగు!" నేను చివరికి పరిగెత్తాను, నూకాలు జెండా దిమ్మ దగ్గరికి పోయింది. ఆఫీసరు తల ఊపారు. "ఒడియా!"

ఎవరూ కదలకూడదు. నూకాలు కదిలింది. జెండా దిమ్మ దగ్గర్నించి తాపీగా నడిచొచ్చి ఇంటి వెనక, నా ముందు నిలబడింది. "ముఁ ఘరొటా దేఖిలి" అంది, ఊరంతా వినబడేటంత గట్టిగా. అని మాష్టారి వైపు చూసింది. మెచ్చుకుంటారని చూసిన చూపది.

ఆయన మొహం నాకు ఎదురుగా ఉంది. ఆయనకి తెలుసు. నోట్లో సుద్ద పడ్డప్పుడు ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే అయింది ఆ మొహం, ఒక్క క్షణం. తర్వాత మింగేశారు.

"క్రియా, దాన్ని బయటికి..." అని ఆపారు.

ఆఫీసరు చూస్తున్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. ఏడాదిగా ఆయన ఆపిన ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒకరం పూర్తిచేస్తూనే ఉన్నాం. నేను దాన్ని దిమ్మ వైపు తిప్పి, రెండు చేతులూ దాని వీపు మీద పెట్టి తోసేశాను. నా బలం నాకే తెలియలేదు. అది వెళ్లి జెండా దిమ్మ అంచుకి తగిలి పడింది. గడ్డం చీలి, ముందరి పన్ను ఒకటి ఊడింది. అరవలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న ఆ నల్లటి వేళ్ల మధ్య నుంచి రక్తం కారింది.

ఆఫీసరుగారు చప్పట్లు కొట్టారు. పాఠంలో భాగమనుకున్నారు. "చోటు లేని మాట బయటికి పోతుంది! బాగుంది, బాగా నటించారమ్మా" అన్నారు. మాష్టారు చేతులు కట్టుకుని వినయంగా వంగారు. ఆ సంవత్సరం ఆయనకి మంచి మాష్టారని శాలువా కప్పారు.

మర్నాడు నూకాలు తల్లి బడికి వచ్చింది. ఫ్యాక్టరీ మానుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కూతురు వెనకాలే ఉంది, గడ్డానికి గుడ్డ కట్టుకుని. వరండా కింద నిలబడి, "నా బిడ్డ ఏటి తప్పు సేసిందండీ?" అని అడిగింది.

మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా, చెప్పిన చోట నిలబడలేని పిల్ల బడికి రేపటినుంచి..." అని ఆగారు.

ఆ మనిషికి ఈ ఆట తెలీదు. ఆయన ఏదో చెప్పబోతున్నారని ఎదురుచూసింది. ఆయన పప్పు బద్ద నోట్లో వేసుకున్నారు. ఆమె మా అందరి మొహాలూ చూసింది. నా మొహమూ చూసింది. నేను పుస్తకం తెరిచాను.

"రాదండి" అంది చివరికి, తనంతట తనే.

"ఆ" అన్నారు మాష్టారు.

అంతే, దాని చదువు అయిపోయింది. ఎవరూ దాన్ని బళ్లోంచి తీసెయ్యలేదు. ఎక్కడా ఏ కాగితం మీదా ఆయన సంతకం లేదు. తల్లే రాదని చెప్పింది, చాలదూ?

చాలా ఏళ్ల తర్వాత పలాస స్టేషన్లో ఆయన్ని చూశాను. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ మా స్కూల్లో చేరితే, ఆవిణ్ణి "ఘరొటా" సంగతి అడిగి రూఢి చేసుకున్నాను కూడా. మాష్టారు విశాఖ పోయే బండి కోసం బెంచీ మీద కూర్చున్నారు. మొహం ఉబ్బింది, కాళ్లు ఉబ్బాయి. మా ఉద్దానంలో ఆ ఉబ్బు చూస్తే ఏమిటని ఎవరూ అడగరు, కిడ్నీలే. మెడలో తడి తువ్వాలు మాత్రం అలాగే ఉంది. దండం పెట్టి పేరు చెబితే గుర్తుపట్టలేదు.

"క్రియనండీ" అన్నాను.

మొహం విప్పారింది. "చూశాను! ఎక్కడున్నావు? ఏం చేస్తున్నావు?"

చెప్పాను. సంతోషించారు. నిజంగానే సంతోషించారు, అది నేను కాదనను. అప్పుడు అడిగేశాను.

"మాష్టారూ, ఆ రోజు నూకాలు నిలబడ్డ చోటు తప్పా?"

"నూకాలెవరు?"

"ది అండీ."

జేబులో చెయ్యి పెట్టారు. పప్పు లేదు, డాక్టర్లు మాన్పించి ఉంటారు. ఉత్త చెయ్యి బయటికి తీశారు. "తప్పు కాదు. ఒడియాలో దానికి చోటుంది" అన్నారు.

"మరి?"

"నన్ను అడక్కుండా నిలబడింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. ఈలోగా బండి వచ్చింది. ఆయన సంచీ అందుకుని, నా భుజం మీద చెయ్యి వేసి లేచారు. "నేను వాక్యం ఆపాను, నువ్వు పూర్తిచేశావు. ఆ క్లాసులో నాకు పనికొచ్చిన పిల్లవి నువ్వొక్కతివే" అన్నారు. నేనే పెట్టె దాకా నడిపించి ఎక్కించాను. ఆయన్ని చూడ్డం అదే ఆఖరు.

ఇప్పుడు పోయారు. సంతాపసభ పెట్టాలన్నాడు జీడిపప్పు వ్యాపారి, అంటే మా "నేను". ఇప్పుడు రెండు ఫ్యాక్టరీలకి యజమాని. ఊరికే దండలు వేసి పోతే ఏం బాగుంటుంది, పాత వరసలో నిలబడి ఫొటో దిగుదాం, పేపరుకి పంపుదాం అన్నాడు. సున్నం తనే తెప్పిస్తానన్నాడు. నూకాలుని పిలిచే పని నా మీద పెట్టారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కలిశాను. ఇంకా గింజలే కొడుతోంది. ముందరి పన్ను లేదు, పెట్టించుకోలేదు. నన్ను చూసి "ఏటే, టీచరమ్మా" అని నవ్వింది. సంగతి చెబితే నల్లటి వేళ్లు కొంగుకి తుడుచుకుంటూ, "సచ్చిపోనాడా? నిజంగానా? అలాగైతే వత్తాను. సూడాల" అంది.

వారంరోజులు నేను ఒకే మాట మనసులో అనుకున్నాను. "ఒడియా." వరస నిలబడగానే గట్టిగా "ఒడియా!" అంటాను. అంటే నూకాలు ఇంటి వెనక, నా ముందు నిలబడుతుంది. అందరికీ అప్పుడు చెబుతాను, ఆ రోజు అది నిలబడ్డ చోటు ఒప్పే అని, మాష్టారికి అది తెలుసు అని, తోసింది నేను అని. క్షమించమని కూడా అడుగుదామనుకున్నాను. ఇంత పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, ఆ ఒక్క మాట అంటే చాలు.

ఆదివారం పది గంటలకి పోగయ్యాం. మాష్టారి ఫొటోకి దండ వేశారు. కొత్త సున్నంతో నాలుగు గుండ్రాలు, దిమ్మ దగ్గర ఐదోది కూడా మర్చిపోకుండా గీయించాడు మహానుభావుడు. "నేను" నీడలో నిలబడ్డాడు, పొట్ట గుండ్రం దాటి వచ్చింది. "ఇల్లు" నిలబడ్డాడు. నూకాలు ఏ గుండ్రంలోకీ రాకుండా నా పక్కన ఆగి చూస్తోంది.

"తెలుగులో నిలబడదామర్రా! పేపరోలకి అర్తమవుద్ది," అన్నాడు వ్యాపారి.

"తెలుగైతే దీకి సోటు లేదు కదరా బావా!" అని వెనకనించి ఎవడో అన్నాడు.

గొల్లున నవ్వారు. నలభై ఏళ్లకి దగ్గరపడ్డ మనుషులు, బట్టతలలు, నెరిసిన జడలు, అందరూ వరండాలో పిల్లల్లాగే నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. నవ్వుతూనే నా వైపు చూసింది. నేను చివరి గుండ్రంలో ఉన్నాను. ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు, నా పక్కన నూకాలు అడ్డం ఉందని చెయ్యి ఊపాడు.

"కొంచెం పక్కకి జరగవే" అన్నాను.

అన్నది నేనే. మెత్తగా అన్నాను, గొంతు పెంచకుండా.

అది వెళ్లి జెండా దిమ్మ దగ్గర నిలబడింది. ఫొటోలు అయ్యేదాకా ఎండలో అలాగే నిలబడింది. ఈసారి కాళ్లకి చెప్పులున్నాయి. అందరూ ఉప్మా దగ్గరికి పోయాక నేను దాని దగ్గరికి వెళ్లాను. "రాయే, టిపిను సేద్దువుగాని" అన్నాను.

"నాకు సగం దినమే సెలవిచ్చారు. ఎల్లాల." చెమట తుడుచుకుని మాష్టారి ఫొటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "ఆయన సచ్చిపోనాడన్నావు కదే?"

"అవునే."

"ఎక్కడ సచ్చిపోనాడే. నువ్వున్నావు కదేటి."

కోపంగా అనలేదు. ధర చెప్పినట్టు చెప్పి, గేటు బయట పలాస ఆటో ఆపి ఎక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం గ్రూపులో ఫొటో పెట్టారు. చాలా బాగా వచ్చింది. దాని కింద నేనూ దండం పెట్టే చేతుల బొమ్మ పెట్టాను.